ఇనప కుప్ప కాదు

హాయిల్ ఊరికి దక్షిణాన మెకానిక్ షెడ్లన్నీ ఒక్కచోటే ఉంటాయి. ఆ పేటను సనాయియా అంటారు. అక్కడ అబూ మిషాల్ షెడ్డు ముందు చాలా ఏళ్లపాటు ఒక ఎర్ర కారు నిలబడి ఉండేది. 1994 మోడల్ సుప్రా. షెడ్డులాగే కారూ అబూ మిషాల్‌దే. ఊరి కుర్రకారు మాత్రం దాన్ని మహబూబ్ బండి అనేవాళ్లు.

మహబూబ్ బాషాది కడప జిల్లా రాయచోటి. లారీల కింద పడుకుని పని నేర్చుకున్నాడు. గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడాది హాయిల్‌కు వచ్చాడు. మొదట గోధుమలు పండించే ఒక మజ్రాలో ట్రాక్టర్లు, నీటి ఇంజన్లు బాగుచేసేవాడు. ప్రభుత్వం గోధుమ ధర తగ్గించాక మజ్రా సగం ఇసుకపాలైంది, పనివాళ్లను ఇళ్లకు పంపేశారు. బాషాను అబూ మిషాల్ తన కఫాలత్ మీదికి, అంటే తన పూచీ మీదికి మార్చుకుని షెడ్డులో పెట్టుకున్నాడు. అప్పటికి బాషా జపాన్ స్పోర్ట్స్ కారు ఇంజన్ మూత ఎత్తి చూసి ఎరగడు.

అబూ మిషాల్ వయసులో ఉన్నప్పుడు వేగం మీద మోజుతో ఆ సుప్రా కొన్నాడు. దాన్ని ఇంకా వేగంగా పోయేలా చేయమన్నాడు. షెడ్డుకు గిరాకీ ఉన్న రోజుల్లో సామాను తెప్పించాడు. గిరాకీ లేని వేళల్లో బాషా బిగించాడు. ఇంజన్‌లోకి గాలి కొట్టే చిన్న టర్బోలు రెండు తీసేసి వాటి చోట ఒక పెద్ద టర్బో పెట్టాడు. ఆ గాలి ఒత్తిడికి పాత పిస్టన్లు తట్టుకోవని ఇంజన్ మొత్తం దించి గట్టి పిస్టన్లు వేశాడు. రేడియేటర్, పెట్రోలు పంపు, స్ప్రింగులు, పొగ గొట్టం, కంప్యూటర్ పెట్టె, ముందు బంపర్ మార్చాడు. తీసిన సామాను తీసినట్టు కడిగి, నూనె రాసి, గోనె సంచుల్లో కట్టి షెడ్డు అటక మీద పెట్టాడు. అలా తొమ్మిదేళ్లు గడిచాయి. ఈలోగా అబూ మిషాల్‌కు పొట్ట పెరిగింది, మోజు తగ్గింది. కారు షెడ్డుకు బోర్డులాగా మిగిలింది. ఆ కారును చూసే కుర్రాళ్లు తమ బండ్లు తెచ్చి ఇచ్చేవాళ్లు.

ఆ కారు పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి రాయచోటిలో బాషా ఇంటి గోడకు వేలాడేది. కారు తనదని అతను ఎప్పుడూ చెప్పలేదు. కాదని చెప్పే అవసరమూ రాలేదు. బంధువులు తమకు నచ్చినట్టు అనుకున్నారు.

2006 ఫిబ్రవరిలో సౌదీలో షేర్ల ధరలు కూలాయి. అంతకు ముందు రెండేళ్లూ హాయిల్‌లో టీచర్ల నుంచి గొర్రెల వ్యాపారుల దాకా షేర్లు కొనని వాళ్లు తక్కువ. అబూ మిషాల్ షెడ్డు సంపాదన మొత్తం అందులో పెట్టాడు. వేసవి వచ్చేసరికి ఆయన ఫోన్లు ఎత్తడం మానేశాడు. సరిగ్గా ఆ వేసవిలోనే బాషా వెళ్లి, పని మానేసి ఇంటికి పోయేందుకు ఎగ్జిట్ వీసా అడిగాడు.

అడగడానికి కారణాలున్నాయి. అతనికి యాభై దాటాయి. కుడి మణికట్టు పట్టు తప్పుతోంది. బిగించిన నట్టు బిగిసిందో లేదో చేతికి తెలిసేది ఒకప్పుడు, ఇప్పుడు తెలియడం లేదు. రాయచోటిలో గాలివీడు రోడ్డు మీద ఒక షెడ్డు ఖాళీ అయింది. బావమరిది దావూద్ దాని ఓనరుతో మాట్లాడి రంజాన్ దాకా ఎవరికీ ఇవ్వకుండా ఆపించాడు. షెడ్డు అడ్వాన్సుకు, ఒక లేతు మిషనుకు కలిపి ముప్పై వేల రియాళ్లు కావాలి. అన్నేళ్ల సర్వీసుకు కఫీల్‌గా అబూ మిషాల్ ఇవ్వాల్సిన డబ్బు దాదాపు అంతే.

అబూ మిషాల్ గడ్డం దువ్వుకున్నాడు.

"డబ్బు లేదు మహబూబ్. ఉంటే ఇవ్వనా? బండి తీసుకో. హరాజ్‌లో వేలానికి పెట్టు. ఎంత వస్తే అంత నీది. చాలినంత వస్తే మర్నాడే ఎగ్జిట్ కొట్టిస్తా. చాలకపోతే ఇక్కడుండే పర్మిట్, ఇకామా రెన్యూ చేస్తా, ఇంకో రెండేళ్లు ఉండు. ఈలోపు దేవుడు దారి చూపిస్తాడు."

మాట తప్పే మనిషి కాదు. బాషా ఒప్పుకున్నాడు. గోడ మీది ఫొటో అలా ఇన్నాళ్లకు నిజమైంది.

ఆ వారం నర్సింలు వచ్చాడు. కామారెడ్డి అవతలి పల్లె అతనిది. మిగిలిన మజ్రాల్లో ఒకదాంట్లో డ్రైవరు. పికప్ క్లచ్ పోయిందని తెచ్చి, క్లచ్ సంగతి మరిచిపోయి సుప్రా చుట్టూ తిరిగాడు.

"బాషన్నా, నా మాటిను. అటక మీద పాత సామానుంది గదా. దించు. ఉన్నదున్నట్టు పెట్టెయ్. గీ పెద్ద టర్బో, గీ గొట్టాలు ఇప్పి రియాద్‌ల పోరగాండ్లకు ఇడిగా అమ్ము. బండి వకాలా లెక్కయితది. రెండు దిక్కులా పైసలే."

వకాలా అంటే కంపెనీ షోరూం. షోరూం నుంచి వచ్చింది వచ్చినట్టు, ఎవరి చేయీ పడకుండా ఉన్న పాత కారుకు సౌదీలో మంచి ధర పలుకుతుంది. మార్పులు చేసిన కారును చూస్తే కొనేవాడికి అనుమానం: దీన్ని ఎవడో చావగొట్టి తోలాడు, అరిగింది కాబట్టే అమ్ముతున్నాడు. మార్పులకు పెట్టిన డబ్బు తిరిగి రాకపోగా అసలు ధరలోనే కోత పడుతుంది. బాషాకు ఇది తెలుసు. కొత్త గొట్టాలు బిగించమని వచ్చే కుర్రాళ్లకు తనే చెప్పేవాడు.

"అట్ల చేసినా లోపలుండే పిస్టన్లు మారినయ్యి కదుప్పా," అన్నాడు. "పైన పాత సామాను పెట్టి వకాలా అని అమ్మితే కొనేవోన్ని మోసం చేసినట్టే కదా."

"లోపలికి ఎవడు సూస్తడే?"

"ఎవురూ చూడరు. అందుకే చెప్పాల."

"అబ్బో! మరి ఏడాదికోసారి ఫహస్ చెకింగ్‌కు తీస్కపోయేటప్పుడు పాత గొట్టం పెట్టి పాస్ చేయిస్తవ్ గదా. గప్పుడు గిదంత యాదికి రాదా?"

"అది సర్కారోళ్లకి చూపిచ్చేది. ఇది కూలి డబ్బులిచ్చి కొనేవోనికి. రెండూ ఒకటేనా?"

"నీది నీకే ఎర్కనే. నీకేమో దాన్ని ఇప్పబుద్ధయితలేదు. మధ్యల మోసం గీసం అనుడెందుకు?"

బాషా నవ్వి క్లచ్ ప్లేటు అందుకున్నాడు. నర్సింలు అన్నదాంట్లో ఎంతో కొంత నిజముంది. వ్యాపారంలో లోపం దాచకూడదన్న మాట బాషా నిజంగానే నమ్మేవాడు. తొమ్మిదేళ్లు బిగించింది విప్పడం ఇష్టం లేకపోవడమూ నిజమే. ఏది ఎక్కువో అతనికే తెలిసినట్టు లేదు.

బాషా భార్య రహమత్బీ ఫోన్లో ఇంకో రకంగా మాట్లాడింది. ఆ ఇంట్లో మాటలు ఉర్దూలోనే నడుస్తాయి. ఆమెకు కోపం వస్తే మాత్రం తెలుగులోకి దిగుతుంది.

"కారు పెట్టుకోని కూడా రాడే మీ ఆయప్ప అని మా చిన్నమ్మ కూతురు అమీరున్నీసా నగుతాంది. ఇన్నేండ్లూ ఆ కారు ఏం జేచ్చాంది ఆడ?"

"అమ్ముతాండా."

"అమ్ముతాండా అమ్ముతాండా అని కూచ్చోవాకు. నోరు మూసుకోని అమ్ము. నువ్వు నోరు తెరిచ్చే ఏదీ కుదర్దు."

దావూద్ ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కుని, ఓనరు రోజూ అడుగుతున్నాడని, టైల్సు వ్యాపారి ఒకడు షెడ్డు చుట్టూ తిరుగుతున్నాడని చెప్పాడు.

హరాజ్ అంటే పాత కార్ల వేలం. హాయిల్‌లో శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత జరుగుతుంది. పికప్‌లు, నీళ్ల ట్యాంకర్లు, టాక్సీగా తిరిగి రిటైరైన కార్లు వరసలో వస్తాయి. వేలం పాడేవాడు ఒక పికప్ వెనక భాగంలో మైకు పట్టుకుని నిలబడతాడు. ప్రతి బండికీ అతను ఒకే మాటతో మొదలుపెడతాడు: కూమత్ హదీద్. ఇనప కుప్ప. నేను అమ్ముతున్నది బండి కాదు, ఇనప కుప్ప. అందులో ఇంజన్ ఉందో లేదో, బ్రేకు పడుతుందో లేదో నాకు తెలీదు, అమ్మేవాడికీ తెలీదు. కొన్నాక నాలుగు అడుగులకే ఆగిపోయినా వెనక్కి రావద్దు. కొనేవాళ్లందరికీ ఈ షరతు తెలుసు. బండి కింద దూరి చూసుకుంటారు, చమురు వాసన చూసుకుంటారు, తమ ధైర్యం మీద పాడుకుంటారు. అమ్మేవాడు మాత్రం నోరు విప్పకూడదు. అలా అని రూలేమీ లేదు, అక్కడి పద్ధతి అది. నోరు విప్పినవాడు దాచేదేదో ఉన్నవాడని అర్థం. బాషా ఆ వేలాన్ని ఎన్నోసార్లు చూశాడు.

అబూ మిషాల్ తన జీపులోనే ఏసీ వేసుకుని కూర్చున్నాడు. పేరు మార్పిడికి ఆయన సంతకం కావాలి. బాషా కారు తుడిచి వరసలో పెట్టి పక్కన నిలబడ్డాడు. నర్సింలు కూడా వచ్చాడు.

ఆ కారును ఎరిగిన ఊరి కుర్రాళ్లు వచ్చారు గానీ వాళ్ల దగ్గర డబ్బు లేదు. షేర్లతో పాటే పోయింది. పాట పాడినవాళ్లు ముఖ్యంగా ముగ్గురు. హాయిల్‌కు కొత్తగా బదిలీ అయి వచ్చిన ఒక స్కూలు టీచరు, ఒక సైనికుడు, బురైదా నుంచి వచ్చిన అబూ సాలెహ్ అనే కార్ల వ్యాపారి. పాట పదిహేను వేల దగ్గర మొదలై ఇరవై దాటింది. సైనికుడు తప్పుకున్నాడు. ఇరవై నాలుగు దగ్గర అబూ సాలెహ్ తప్పుకుని, పళ్లు తోముకునే మిస్వాక్ పుల్ల నములుతూ నిలబడ్డాడు. ఇంకా ఎవరో వెనకనుంచి పెంచితే టీచరు ఇరవై ఎనిమిది అన్నాడు. నర్సింలు బాషా మోచేయి పట్టుకుని నొక్కాడు.

"ఇరవై ఎనిమిది! ఇరవై ఎనిమిదికి ఇనప కుప్ప!" అని మైకు అరిచింది. "పెట్రోలు పోస్తే కదుల్తుందో లేదో తెలీని ఇనప కుప్ప! ఇంజనే లేని ఇనప కుప్ప!"

ఇవన్నీ ప్రతి బండికీ అనే మాటలే. అంతకు ముందు ఒక నీళ్ల ట్యాంకరుకూ అన్నాడు.

"ఇనప కుప్ప కాదు," అన్నాడు బాషా.

గట్టిగానే అన్నాడు, అరబ్బీలో. వేలంవాడు మైకు దించాడు. ఎవరో నవ్వారు. "ఊకో అన్నా, దండం పెడ్తా," అన్నాడు నర్సింలు తెలుగులో.

బాషా ఊరుకోలేదు. ఈ బండికి ఏమేం చేశానో కొనేవాళ్లకు తెలియాలన్నాడు. పెద్ద టర్బో సంగతి చెప్పాడు. పిస్టన్ల సంగతి, పంపు సంగతి, రేడియేటరు సంగతి చెప్పాడు. ఏది ఎందుకు మార్చాల్సి వచ్చిందో వరసగా చెప్పుకుంటూ పోయాడు. అతని అరబ్బీ పనివాడి అరబ్బీ, అయినా సామాను పేర్లు స్పష్టంగా పలికాడు. చెబుతున్నకొద్దీ అతని ముఖం వెలిగింది. వినేవాళ్ల ముఖాల్లో వేరే సంగతి జరుగుతోంది, అతను అటు చూడలేదు.

టీచరు అడిగాడు. "ఇంజన్ విప్పారా?"

"రెండుసార్లు."

"ఏం చెడిపోయింది?"

"ఏమీ చెడిపోలేదు."

"చెడిపోనిదాన్ని విప్పడమెందుకు?"

దీనికి బాషా దగ్గర జవాబుంది, కానీ అది అంతమందిలో రెండు ముక్కల్లో చెప్పేది కాదు. అతను తడబడ్డాడు. జనానికి తడబాటు కనిపించింది. టీచరు చేతులు దులుపుకున్నాడు. "నాకొద్దు. నేను స్కూలుకి పోవడానికి కారు కొనుక్కుంటున్నా, బాంబు కాదు."

అందరూ నవ్వారు. వేలంవాడు కూడా నవ్వాడు.

పాట మళ్లీ పది వేల దగ్గర మొదలైంది. ఎవరూ కదల్లేదు. అప్పుడు బాషా, కొనేవాడికి న్యాయం చేద్దామనో, జారిపోతున్న పాటను నిలబెడదామనో, చివరి మాట ఒకటి చెప్పాడు. "తీసిన అసలు సామాను అంతా నా దగ్గర భద్రంగా ఉంది. బండితో పాటు ఇస్తా."

అబూ సాలెహ్ మిస్వాక్ నమలడం ఆపాడు.

"అంతానా?"

"ఒక్క బోల్టు పోలేదు."

అబూ సాలెహ్ పదకొండు అన్నాడు. సైనికుడు సరదాకు కాస్త పెంచాడు. పదిహేడు దగ్గర అబూ సాలెహ్‌కు పాట ఖాయమైంది. అబూ మిషాల్ జీపు దిగి వచ్చి సంతకం పెట్టాడు. పదిహేడు వేలూ అక్కడికక్కడే బాషా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

"ముప్పై వేలు నోట్లెకెళ్లి ఊశేసినవ్ గదనే," అన్నాడు నర్సింలు తిరుగుదారిలో. కొంతదూరం పోయాక, "తిన్నవా పొద్దున?" అని అడిగాడు. బాషా లేదన్నాడు.

డబ్బు రాయచోటికి పోయింది. కొంత ఇంటి పైకప్పుకు, కొంత రహమత్బీ చెవి ఆపరేషన్‌కు ఖర్చయింది. గాలివీడు రోడ్డు షెడ్డులోకి టైల్సు వచ్చాయి. అబూ మిషాల్ ఇకామా రెన్యూ చేయించి తెచ్చాడు. అన్న మాట ప్రకారం రెండేళ్లకు.

రంజాన్‌కు ముందు ఒక మధ్యాహ్నం లారీ మీద సుప్రా తిరిగి షెడ్డుకు వచ్చింది. గోనె సంచులూ దానితోనే వచ్చాయి. వాటి ముడులు ఇంకా బాషా వేసినవే. అబూ సాలెహ్ ముందుగానే అబూ మిషాల్‌తో కూలి మాట్లాడుకున్నాడు. పెద్ద టర్బో, గొట్టాలు, కంప్యూటర్ పెట్టె విప్పాలి. సంచుల్లో ఉన్న పాత సామాను యథాతథంగా బిగించాలి.

"ఇంకెవరితోనైనా చేయించుకోవచ్చు కదా," అన్నాడు బాషా.

"బిగించినవాడికి తెలిసినట్టు విప్పడం ఇంకెవడికి తెలుస్తుంది?" అన్నాడు అబూ సాలెహ్. ఎగతాళి కాదు. మంచి పనివాడన్న గౌరవంతోనే అన్నాడు.

"పిస్టన్లు?"

"లోపలివి లోపలే ఉండనీ. ఎవడు చూస్తాడు?"

అబూ మిషాల్ అక్కడే ఉన్నాడు. గిరాకీ పడిపోయి, సామాను అప్పు తీర్చలేక పక్క షెడ్డువాడితో మాటలు పడుతున్న రోజులవి. వచ్చిన పని వదులుకునే స్థితి కాదు. బాషా స్పానర్లు తీసుకున్నాడు. పని పూర్తయ్యేసరికి కారు పన్నెండేళ్ల కిందట ఓడ దిగినప్పుడు ఎలా ఉందో అలా ఉంది. స్టార్టు చేస్తే వెనకటి గర్జన లేదు, శబ్దం వినపడీ వినపడనట్టుంది.

తీసిన పెద్ద టర్బోను అబూ సాలెహ్ రియాద్‌లో అమ్ముకున్నాడు. దానికెంత వచ్చిందో నర్సింలు ఎక్కడో విని వచ్చి చెప్పబోయాడు.

"చెప్పొద్దు," అన్నాడు బాషా.

"నేను జెప్పిన లెక్కనే జేసిండు సేటు. నాకేమన్న కమీషన్ ఇస్తడేమో అడుగు," అన్నాడు నర్సింలు. బాషా నవ్వకపోయేసరికి అతనూ నవ్వు ఆపేశాడు.

కొన్నాళ్లకు అబూ సాలెహ్ సకాకా నుంచి ఒక మనిషిని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. అలాంటి కారు వయసులో కొనుక్కోలేకపోయాడట, ఇప్పుడు కొంటున్నాడు. అబూ సాలెహ్ చెప్పే ధర నలభై పైన. కొనే ముందు ఒక మెకానిక్‌కు చూపించుకుంటానన్నాడట. ఈ చుట్టుపక్కల సుప్రా సంగతి తెలిసినవాడు ఎవరని సకాకా నుంచే ఫోన్లో సనాయియా వాళ్లను విచారిస్తే అందరూ ఒకే పేరు చెప్పారట.

అబూ సాలెహ్ కంగారు పడలేదు. కారు నీడలో నిలిపి, తాళం బాషా చేతికిచ్చాడు. అబూ మిషాల్ బల్ల వెనక కూర్చుని టీ కలుపుకుంటున్నాడు. చెంచా గ్లాసులో తిరుగుతూనే ఉంది.

బాషా మూత ఎత్తాడు. దీపం పెట్టి చూశాడు. ఆయిల్ పుల్ల తీసి తుడిచి చూశాడు. ఇంజన్ స్టార్టు చేసి చెవి దగ్గర పెట్టి విన్నాడు. చూడ్డానికేమీ లేదు, అయినా అన్నీ చూశాడు. సకాకా మనిషి ఓపిగ్గా పక్కనే నిలబడ్డాడు.

"ఒక్కటే అడుగుతా అన్నా," అన్నాడతను. "నువ్వు పని తెలిసినవాడివని చెప్పారు. దేవుడి మీద నమ్మకమున్నవాడివనీ చెప్పారు. ఈ ఇంజన్ ఎప్పుడైనా విప్పారా?"

చెంచా ఆగింది.

ఈ జవాబుతో బాషాకు వచ్చేదేమీ లేదు. ముప్పై వేలూ లేవు, ఎగ్జిట్టూ లేదు. పోయేవి మాత్రం ఉన్నాయి. అబూ మిషాల్ షెడ్డు ఉంది, ఆ షెడ్డు మీద ఆధారపడిన ఇకామా ఉంది. వాటి కోసం అన్నాడో, హరాజ్‌లో విన్న నవ్వు మళ్లీ వినలేక అన్నాడో తర్వాత నర్సింలు ఎంత అడిగినా చెప్పలేదు.

"లేదు," అన్నాడు. "వకాలా."

సకాకా మనిషి అతని మసి చేయి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. అల్లా నీకు మేలు చేయాలన్నాడు. కారు చప్పుడు లేకుండా వీధి మలుపు తిరిగి వెళ్లిపోయింది.

అసర్ అజాన్ వినిపించింది. సనాయియాలో షట్టర్లు వరసగా పడ్డాయి. అబూ మిషాల్ గ్లాసు కింద పెట్టి, "రా మహబూబ్," అని మసీదు వైపు నడిచాడు. బాషా వెనక కొళాయి దగ్గర సబ్బుపొడి వేసుకుని చేతులు కడుక్కుంటున్నాడు. గోళ్ల కింద గ్రీజు అంత త్వరగా పోదు. అతను మసీదు చేరేసరికి జనం చెప్పులు వేసుకుని బయటికి వస్తున్నారు.